40 గాలన్ల సముద్రం ట్యాంక్: ఇంటికి ఎవరొస్తారు, షాపులోనే ఎవరుండిపోతారు

ప్రశ్న: అన్నయ్యా, మేం టెక్సాస్‌లో ప్లేనోలో ఉంటాం. ఈ మధ్యే 40 గాలన్ల బ్రీడర్ ట్యాంక్ కొన్నాం, 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. రాళ్ళూ ఇసకా వేసి, ఉప్పునీళ్ళు పోసి 6 వారాలైంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి, ఇంకా ఒక్క చేప కూడా వెయ్యలేదు. మా లిస్ట్ ఇది: క్లౌన్ ఫిష్ జత, బ్లూ టాంగ్, ఎల్లో టాంగ్, గ్రీన్ క్రోమిస్ 5, మాండరిన్, కాపర్‌బాండ్ బటర్‌ఫ్లై, సిక్స్ లైన్ రాస్. కోరల్స్‌లో, అంటే పగడాల్లో, టార్చ్, హామర్, జోయాస్, గ్రీన్ స్టార్ పాలిప్స్, క్లౌన్ ఫిష్ దూరి ఉండడానికి అనిమొనీ అనే పువ్వులాంటి జీవి ఒకటి. షాపులో అడిగితే అన్నీ రీఫ్ సేఫే అన్నారు, నెట్‌లో దొరికిన చార్ట్‌లో కూడా చాలావాటికి పచ్చ గళ్ళే ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఉంటాయా? ఏది ముందు వెయ్యాలి? డిసెంబర్‌లో 4 వారాలు ఇండియా వెళ్తున్నాం. ఇంకోటి, వైజాగ్‌లో మా తమ్ముడు కూడా ట్యాంక్ పెడతానంటున్నాడు, వాడికి రెండు కోరల్ ముక్కలు సూట్‌కేసులో పట్టుకెళ్ళొచ్చా?

సమాధానం: ఆఖరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తున్నా, పట్టుకెళ్ళొద్దమ్మా, ఎందుకో చివర్లో రాస్తాను.

ఆరు వారాలు ఖాళీ ట్యాంక్ ముందు కూర్చుని ఒక్క చేప కూడా కొనకుండా ఆగారంటే మీ ఇద్దరికీ ఓపిక బానే ఉంది, దాని మీద నమ్మకంతోనే సూటిగా చెప్తున్నా. మీ లిస్ట్‌లో మొత్తం 12 చేపలున్నాయి కదా, అందులో నేను ఉంచేది రెండే, ఆ క్లౌన్ జత. మిగతా పదీ ఈ ట్యాంక్‌కి కావు. కోపం తెచ్చుకోకండి, వాటి బదులు ఏవి వెయ్యాలో కూడా చెప్తాను, ట్యాంక్ బోసిగా ఏం ఉండదు.

ఆ చార్ట్‌లో పచ్చ గడి ఉందంటే రెండు జాతులూ మామూలుగా కొట్టుకోవు అని మాత్రమే. మీ ట్యాంక్ పొడవు మూడడుగులే అని దానికి తెలీదు, ఏ చేప ముందొచ్చిందో తెలీదు, డిసెంబర్‌లో ఇంట్లో ఎవరూ ఉండరని అసలే తెలీదు. షాప్ వాళ్ళు రీఫ్ సేఫ్ అన్నదీ అంతే, అది కోరల్స్‌ని కొరకదు అని చెప్పారు గానీ పక్క చేపని బతకనిస్తుందని చెప్పలేదు. నన్నడిగితే మీ లిస్ట్‌ని తేల్చేది ఆ ఇండియా ట్రిప్పే. నాలుగు వారాలు ఎవరో ఫ్రెండ్ వచ్చి చూసిపోతుంటే చాలు బతికేసే చేపలు, కోరల్స్ మాత్రమే కొనండి. రోజూ మీరుండి సాకాల్సినవి ఏవైనా సరే, ఎంత అందంగా ఉన్నా, వద్దు.

టాంగ్స్ సంగతి చూద్దాం. షాపులో మీరు చూసిన బ్లూ టాంగ్ రెండంగుళాలుంటుంది, ముద్దొస్తుంది, పిల్లలు చూడగానే పేరు పెట్టి పిలుస్తారు, కానీ అది పెద్దయితే అడుగు పొడవుంటుంది. 18 అంగుళాల వెడల్పు ట్యాంక్‌లో అడుగు పొడవు చేప వెనక్కి తిరగడానికే కష్టపడుతుంది. దానికి కనీసం ఆరడుగుల ట్యాంక్, 180 గాలన్లు కావాలి. ఇది ఊరికే ఈదే చేప కాదు, పొద్దున్నించి సాయంత్రం దాకా రీఫ్ పొడుగునా పరిగెడుతూ ఉండే చేప, ఆ పరుగు లేకపోతే కంగారు పడుతుంది, కంగారు పడిందంటే తెల్లమచ్చల జబ్బు, అదే ఇక్, టాంగ్‌కే ముందు పట్టుకుంటుంది, దాన్నించి మిగతా అందరికీ అంటుకుంటుంది. పెద్దయ్యాక అమ్మేస్తాంలే అని అందరూ అంటారు, అప్పటికి దాన్ని పట్టాలంటే రాళ్ళన్నీ పీకాలి, వాటి మీద కోరల్స్ పెరిగి ఉంటాయి, ఇంక ఎవరూ పీకరు. ఎల్లో టాంగ్ కాస్త చిన్నది, ఎనిమిదంగుళాల దాకా పెరుగుతుంది, దానికీ నాలుగడుగులకి తక్కువ కుదరదు. ఒక మంచి విషయం ఏంటంటే ఈ రెండింటినీ ఇప్పుడు మనుషులే పుట్టించి పెంచగలుగుతున్నారు, ఎల్లో టాంగ్‌ని 2015లో హవాయీలో ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సాధించారు, బ్లూ టాంగ్‌ని 2016లో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు. ఎప్పుడైనా పెద్ద ట్యాంక్ పెడితే అలా పెంచినదే అడిగి కొనుక్కోండి, సముద్రంలో పట్టేవాటిలో కొన్నిచోట్ల సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టినవి కూడా వస్తుంటాయి, అవి షాపులో బానే తింటూ కనిపించి ఇంటికొచ్చాక కారణం తెలీకుండా పోతాయి.

మాండరిన్ గురించి చెప్పాలంటే నాకే మనసొప్పదు, అంత అందమైన చేప ఇంకోటి లేదు. కానీ దాని తిండి రాళ్ళ మీద పాకే కోపెపాడ్స్ అనే కంటికి ఆననంత పురుగులు, నిద్రపోయే టైమ్ తప్ప రోజంతా ఒక్కొక్కటే ఏరుకుంటూ తిరుగుతుంది. ఆరు వారాల ట్యాంక్‌లో అవెన్నుంటాయి, కొన్ని వారాల్లో అయిపోతాయి, తర్వాత అది మెల్లగా చిక్కిపోయి, పొట్ట లోపలికి పోయి, ఒకరోజు కనిపించదు. జబ్బేమీ ఉండదు, ఆకలంతే. ఏడాది దాటాక, రాళ్ళు బాగా పాతబడ్డాక, ట్యాంక్‌లో పుట్టి పెరిగి పెల్లెట్స్ తినడం అలవాటైన మాండరిన్ దొరికితే, షాపులో మీ కళ్ళముందు తినిపించమని అడిగి, తింటేనే కొనండి. ఈ డిసెంబర్ లోపల మాత్రం ఆ మాటే వద్దు.

సిక్స్ లైన్ రాస్ మొదట్లో చలాకీగా ముచ్చటగా ఉంటుంది, ఆర్నెల్లు తిరిగేసరికి ట్యాంక్‌కి దాదా అయిపోతుంది, కొత్తగా వేసిన ప్రతి చిన్న చేపనీ మూలకి తరుముతుంది, పైగా మాండరిన్ తినే ఆ పురుగుల్నే ఇదీ తింటుంది. క్రోమిస్ అయిదు వేస్తే గుంపుగా తిరుగుతాయనుకుంటాం, చిన్న ట్యాంక్‌లో అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటూ అయిదు నాలుగై, మూడై, చివరికి ఒకటి మిగులుతుంది. కాపర్‌బాండ్ తిండి దగ్గర మహా పేచీ, పెద్ద ట్యాంక్ కావాలి, కొన్నికొన్ని కోరల్స్‌ని కూడా పొడుస్తుంది. దాన్ని ఐప్టేసియా అనే కలుపులాంటి చిన్న అనిమొనీని తింటుందని కొంటుంటారు చాలామంది, ఆ పనికి పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు చాలు.

ఇంక క్లౌన్ ఫిష్. ఒసెలారిస్ జాతివి తీసుకోండి, ట్యాంక్‌లో పుట్టినవి, అమెరికాలో ఇప్పుడు ఏ షాపులో చూసినా అవే ఎక్కువ. ఆడా మగా ఏదో తెలీదే అని బెంగపడక్కర్లేదు, క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే ఎదుగుతాయి, రెంటిలో పెద్దదీ పెత్తనం చేసేదీ ఆడదైపోతుంది, చిన్నది మగగా ఉండిపోతుంది. అందుకని ఒకటి కాస్త పెద్దది, ఒకటి బాగా చిన్నది కొంటే గొడవ తక్కువ, రెండూ సమానంగా ఉన్నవి కొంటే ఎవరు పెద్దో తేలేదాకా కొట్టుకుంటాయి. చిన్నది పక్కకి ఒరిగి ఒణికినట్టు ఊగుతుంటే భయపడకండి, లొంగిపోయానని చెప్పడం అది, జత కుదిరినట్టే. రెండే రెండు చాలు, మూడోది వెయ్యొద్దు. మరూన్ క్లౌన్ మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి, అది ఈ ట్యాంక్‌లో ఇంకెవర్నీ ఉండనివ్వదు.

క్లౌన్ ఉంటే అనిమొనీ ఉండాలనేది మనమనుకునే మాట, ట్యాంక్‌లో పుట్టిన క్లౌన్‌కి దాని అవసరమే లేదు. షాపుల్లో ఎక్కువ దొరికే బబుల్ టిప్ అనిమొనీలో సముద్రంలో ఈ ఒసెలారిస్ ఉండవు కూడా, ట్యాంక్‌లో ఒక్కోసారి దూరతాయి, ఒక్కోసారి అటు కన్నెత్తి చూడవు. అసలు ప్రమాదం అది కాదు, అనిమొనీకి వెలుతురో నీటి ఒరవడో నచ్చకపోతే లేచి నడుస్తుంది, దారిలో ఉన్న ప్రతి కోరల్‌నీ కాల్చుకుంటూ పోతుంది, పోయి పోయి నీళ్ళు తిప్పే పంపు, అదే పవర్‌హెడ్‌లో ఇరుక్కుందంటే ముక్కలైపోయి రాత్రికి రాత్రి నీళ్ళన్నీ విషం చేస్తుంది, అది మీరు ఇండియాలో ఉన్నప్పుడు జరిగిందంటే చెయ్యగలిగేదేమీ ఉండదు. అంతగా కావాలంటే ఏడాది తర్వాత రాక్ ఫ్లవర్ అనిమొనీ పెట్టుకోండి, చిన్నది, కాలు దాచుకోడానికి రాతి సందు దొరికితే మామూలుగా అక్కడే ఉంటుంది, రంగులు బ్రహ్మాండంగా ఉంటాయి, క్లౌన్స్ దాంట్లోకి దూరకపోవచ్చు అంతే. మీ జత చాలావరకు ఆ టార్చ్ కోరల్‌నే ఇల్లు చేసుకుంటుంది చూడండి. అలా చేస్తే టార్చ్ కాస్త పెద్దదయ్యేదాకా ఓ కన్నేసి ఉంచండి, పొద్దస్తమానం వాటేసుకుని దొర్లి చిన్న కోరల్ విచ్చుకోకుండా చేస్తుంటాయి ఒక్కోసారి.

పోయిన పదింటి బదులు నేను నాలుగు చెప్తాను. ఫైర్ ఫిష్ ఒకటి, ముందు సగం తెలుపు వెనక సగం నిప్పు రంగు, నీళ్ళలో గాలిపటంలాగా నిలబడి ఉంటుంది, బాగా పిరికిది. ఎల్లో వాచ్‌మన్ గోబీ ఒకటి, దానికి తోడు ఒక పిస్టల్ రొయ్య. ఈ జోడీని చూడ్డానికే నేనైతే ట్యాంక్ పెడతాను, రొయ్యకి కళ్ళు సరిగా కనిపించవు, అది రోజంతా బొరియ తవ్వి ఇసక బయట పోస్తుంటుంది, గోబీ గుమ్మంలో కాపలా కూర్చుంటుంది, రొయ్య తన మీసం ఒకటి ఎప్పుడూ గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది, గోబీ తోక ఆడించిందంటే ఇద్దరూ లోపలికి పరుగు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే బ్లూ టాంగ్‌ని మర్చిపోవడానికి ఇదొక్కటి చాలు. కానీ రాళ్ళు ఇసక మీద పెట్టారా, గాజు మీద పెట్టి చుట్టూ ఇసక పోశారా ఒకసారి చూసుకోండి, ఇసక మీదుంటే రొయ్య కింద తవ్వేస్తుంది, రాయి కూలుతుంది. మూడోది టెయిల్ స్పాట్ బ్లెనీ, రెండు రెండున్నర అంగుళాల చేప, రాతి మీద కూర్చుని కళ్ళు తిప్పుతూ నాచు గీక్కుంటుంది. నాలుగోది రాయల్ గ్రామా, కరీబియన్ చేప, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. ఇక్కడ జాగ్రత్త, అచ్చం ఇలాంటి రంగులతోనే రాయల్ డాటీబ్యాక్ అని ఇంకోటుంటుంది, దాని ధర తక్కువ, కోపం మాత్రం చాలా ఎక్కువ. గ్రామాకి ఊదా మెల్లగా చుక్కలుచుక్కలుగా పసుపులోకి కలుస్తుంది, వీపు రెక్క మీద నల్ల మచ్చ, కంటి మీదుగా ఒక గీత ఉంటాయి, డాటీబ్యాక్‌కి మాత్రం నడుం దగ్గర గీత గీసినట్టు రంగు మారిపోతుంది. షాపులో ఫోన్‌లో ఫొటో పెట్టుకుని చూసి మరీ కొనండి.

మొత్తం ఆరు చేపలు, ఒక రొయ్య. ఇంకొక్కటి వేద్దాం అనిపిస్తుంది, వెయ్యొద్దు.

ఏది ముందనేది మీరు అడిగారు చూడండి, అదే అసలు ప్రశ్న. సముద్రపు చేపలు జనరల్ బోగీలో ముందెక్కినవాళ్ళలాంటివి, ఖాళీగా ఉన్న సీటంతా తమదే అనుకుంటాయి, తర్వాతొచ్చినవాడు ఎంత మంచివాడైనా శత్రువే. కాబట్టి పిరికివాటిని ముందు, పెత్తనం చేసేవాటిని ఆఖర్న. ఫైర్ ఫిష్ మొట్టమొదట, మూడు వారాలయ్యాక గోబీ, రొయ్య కలిపి, ఇంకో మూడు వారాలకి బ్లెనీ, తర్వాత గ్రామా, అన్నిటికన్నా చివర్న క్లౌన్ జత. క్లౌన్స్ లేకుండా ఇన్ని నెలలా అని ఇంట్లో గొడవైతే వేలి గోరంత పిల్లల్ని ముందే తెచ్చేయండి, ఒసెలారిస్ కాబట్టి నడిచిపోతుంది, కానీ గ్రామా మాత్రం ఫైర్ ఫిష్ కన్నా ముందు రాకూడదు, అందులో మాత్రం సర్దుబాటు లేదు. ఈ మూడేసి వారాల ఎడం ఊరికే కాదు, ఒక్కో చేప వచ్చినప్పుడల్లా పెరిగిన అమ్మోనియాని తినడానికి బాక్టీరియా కూడా పెరగాలి. ఫైర్ ఫిష్ రాకముందే ట్యాంక్ మీద మెష్ మూత ఉండాలి, అది బెదిరితే పైకే దూకుతుంది, వైరు కోసం వదిలిన సందు చాలు దానికి.

క్వారంటైన్ గురించి రెండు ముక్కలు. 10 గాలన్ల ట్యాంక్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోడానికి రెండు పీవీసీ ముక్కలు, ఇంతే, ప్రతి చేపా ముందు అక్కడ నెల రోజులు ఉండి రావాలి. రాగి మందు వెయ్యాల్సొస్తే అక్కడే వెయ్యాలి, మెయిన్ ట్యాంక్‌లో రాగి పడిందంటే రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి. ఇక్ ఒకసారి మెయిన్ ట్యాంక్‌లోకొస్తే చేపలన్నిటినీ బయటికి తీసి దాన్ని 76 రోజులు ఖాళీగా ఉంచమంటారు హాబీలో ఉన్నవాళ్ళు. ఆ పని చేసేకన్నా నెల ఆగడం తేలిక.

ఇప్పుడు కోరల్స్. చేపలు కొట్టుకుంటే మనకి కనిపిస్తుంది, కోరల్స్ రాత్రిపూట కొట్టుకుంటాయి, మనకి తెల్లారి చూస్తే ఒకదాని అంచు తెల్లగా కాలి ఉంటుంది. టార్చ్‌కి స్వీపర్ టెంటకిల్స్, అంటే కుట్టే పొడుగాటి మీసాలు, ఉంటాయి, ఒరవడితో పాటు సాగి ఆరంగుళాల దూరంలో ఉన్నదాన్ని కూడా అంటుకుంటాయి. టార్చ్, హామర్ చుట్టాలే కదా అని పక్కపక్కన పెడుతుంటారు, హామర్, వాటి ఇంకో చుట్టం ఫ్రాగ్‌స్పాన్ రెండూ ఆనుకుని ఉన్నా సర్దుకుంటాయి గానీ టార్చ్ మాత్రం హామర్‌ని కాల్చేస్తుంది. ట్యాంక్‌లో ఒక చివర టార్చ్, చుట్టూ జానెడు ఖాళీ, ఇంకో చివర హామర్, ఇలా పెట్టండి, ఇప్పుడు చిన్న ముక్కే కదా అనుకోకుండా అది ఏడాదికి పిడికిలంత అవుతుందని లెక్కేసి పెట్టండి. షాపులో గెలాక్సియా అని పచ్చగా మెరిసేది చూపిస్తారు, దాని స్వీపర్స్ వీటన్నిటికన్నా పొడుగు, దాని జోలికి పోకండి.

గ్రీన్ స్టార్ పాలిప్స్ కాల్చదు, పాకుతుంది. ఊదారంగు చాపలాగా రాయంతా కప్పేసి దారిలో ఉన్న జోయాస్‌ని కింద పడేసి పోతుంది, అందుకని దాన్ని అసలు రాళ్ళకి తగలకుండా ఇసక మధ్యలో విడిగా ఒక రాతి మీద పెట్టండి, లేదా వెనక గాజుకి అంటించండి, అక్కడైతే ఎంత పాకినా పచ్చిక గోడలా ఉంటుంది, చూడ్డానికి బావుంటుంది. ఇలాగే పాకే జీనియా అనే కోరల్‌కి కూడా ఇదే రూలు. లెదర్ కోరల్ కావాలనిపిస్తే ఒకటి పెట్టుకోవచ్చు, అది నీళ్ళలోకి రసాయనాలు వదిలి పక్కవాటి ఎదుగుదల ఆపుతుంది కాబట్టి ఫిల్టర్‌లో కార్బన్ వాడుతూ నెలనెలా మార్చండి. వీటితో పాటు నేనైతే డంకన్ ఒకటి, కాండీ కేన్ ఒకటి, నీడ ఉన్న మూలలో రెండు మష్రూమ్స్ చేరుస్తాను, ఏవీ పేచీకోరువి కావు.

అక్రోపొరా లాంటి ఎస్పీఎస్, అంటే చిన్న పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్ మీ లిస్ట్‌లో లేవు, సంతోషం, అలాగే ఉండనివ్వండి. అవి రోజూ ఆల్కలినిటీ, అంటే నీటిలోని క్షార గుణం, తాగేస్తాయి, వారం రోజులు అటూఇటూ అయితే కొసల నించి తెల్లబడతాయి. మీరు పెట్టుకునే మెత్తటివీ, టార్చ్ లాంటి పెద్ద పాలిప్స్ ఉండే ఎల్పీఎస్‌లూ అయితే వారానికి పది శాతం నీళ్ళు మారిస్తే సరిపోతుంది మొదటి ఏడాది. ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతులు, వేడి 25, 26 డిగ్రీలు అంటే మీ లెక్కలో 78 ఫారన్‌హీట్, ఆల్కలినిటీ డీకేహెచ్ అనే కొలతలో 8, 9 మధ్య, కాల్షియం 400 నించి 450, మెగ్నీషియం 1300 దగ్గర. నైట్రేట్ సున్నా చెయ్యాలని తాపత్రయపడకండి, 5 నించి 10 ఉంటే ఈ కోరల్స్‌కి హాయి. లైట్ విషయంలో కొత్తవాళ్ళు చేసేది ఒకటే, ఎక్కువ పెట్టేస్తారు, జోయాస్‌కీ టార్చ్‌కీ పార్, అంటే వాటికి అందే వెలుతురు కొలత, 100, 150 చాలు, మష్రూమ్స్‌కి 50 కూడా చాలు. ట్యాంక్‌లో పోసే నీళ్ళు మాత్రం ఆర్వో డీఐ ఫిల్టర్‌లో శుద్ధి చేసిన నీళ్ళే, కుళాయి నీళ్ళు వద్దు.

జోయాస్ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. వాటిలో కొన్నింట్లో, ముఖ్యంగా పాలీథోవా అనేవాటిలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఆషామాషీ విషం కాదు. ఉన్నచోట ఉంటే ఏమీ చెయ్యదు, కానీ ముక్క కోసేటప్పుడు చిందినా, చేతి మీద కోత ఉండగా ముట్టుకున్నా, అన్నిటికన్నా ఘోరం, అవి ఉన్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో ఉడకబెట్టినా ఆ ఆవిరికి ఇంటిల్లిపాదీ హాస్పిటల్ పాలవుతారు. అలా జరిగిన కుటుంబాలున్నాయి. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల చేతులు ట్యాంక్‌లోకి వెళ్ళొద్దు, రాయిని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు. అదే చేత్తో ఇంకోటి, దోమల స్ప్రే, బొద్దింకల స్ప్రే ట్యాంక్ ఉన్న గదిలో కొట్టకండి, ఆ మందు రొయ్యలకి మనకన్నా చాలా ఎక్కువ చేటు, దేవుడి గదిలో సాంబ్రాణి పొగ కూడా కాస్త దూరంగా.

డిసెంబర్ ట్రిప్‌కి నవంబర్ మొదటి వారం తర్వాత కొత్తది ఏదీ కొనకండి, చేపైనా కోరలైనా. 40 గాలన్ల ట్యాంక్ నించి రోజుకి అర గాలన్, హీటర్ వేసిన ఇంట్లో ఇంకాస్త ఎక్కువే ఆవిరైపోతుంది, కాబట్టి తగ్గిన నీళ్ళని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ తప్పనిసరి, దాని డబ్బా పెద్దది పెట్టినా ఫ్రెండ్ వారానికోసారి నింపాలి. వాళ్ళకి కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి, పొయ్యాల్సింది ఉప్పు కలపని ఆర్వో డీఐ నీళ్ళు, ఉప్పునీళ్ళు కాదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. రెండో ప్రమాదం ప్రేమ ఎక్కువై తిండి ఎక్కువ వెయ్యడం, దానికి బీపీ మాత్రలు పెట్టుకునే వారం డబ్బాలుంటాయి కదా, అలాంటివి నాలుగు కొని ఏ రోజుకారోజు పెల్లెట్స్ కొలిచి పెట్టేసి వెళ్ళండి, మిగతా డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. హీటర్ ఒకటి పెద్దది బదులు చిన్నవి రెండు, వాటిమీద కంట్రోలర్. పవర్‌హెడ్‌కి బ్యాటరీ బ్యాకప్ కూడా కొనండి, 2021 ఫిబ్రవరిలో మీ రాష్ట్రంలో కరెంట్ రోజుల తరబడి ఎలా పోయిందో అక్కడున్న మీకు నేను చెప్పక్కర్లేదు, చేపలకి ఆక్సిజన్ అందేది నీళ్ళు కదులుతుంటేనే. వెళ్ళేముందు ఇంట్లో థర్మోస్టాట్ బాగా తగ్గించేసి పోకండి, ఎంత బిల్లు మిగిలినా.

ఇంక తమ్ముడి సంగతి. టార్చ్, హామర్ లాంటి గట్టి కోరల్స్ అన్నీ జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కింద ఉన్నాయి, పర్మిట్ లేకుండా ఒక దేశం నించి ఇంకో దేశానికి అంగుళం ముక్క కూడా దాటించకూడదు, సూట్‌కేసులో అయినా జేబులో అయినా. ఇండియాలో పగడాల్ని 2001 నించి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో పెట్టారు, రీఫ్ కట్టే గట్టి కోరల్స్, నల్ల పగడాలు, సీ ఫ్యాన్స్ వగైరా, అంటే పులితో సమానమైన రక్షణ. దొరికితే మూడేళ్ళ నించి ఏడేళ్ళ దాకా జైలు. బతికున్నదే కాదు, ఎండిన పగడపు రాయి కూడా అంతే, బీచ్‌లో ఏరుకొచ్చానన్నా, అలంకారానికి కొన్నానన్నా ఊరుకోరు. కాబట్టి అక్కడ ఎవరైనా లైవ్ రాక్, అంటే సముద్రంలోంచి తీసిన రాయి, అమ్ముతానని వస్తే తమ్ముణ్ణి కొననివ్వకండి, సిరామిక్ రాళ్ళు, మనుషులు చేసిన రాళ్ళు దొరుకుతాయి, బాక్టీరియాకి అవి చాలు.

వాడికి నేను చెప్పేది కోరల్స్ లేని చేపల ట్యాంక్. క్లౌన్ ఫిష్‌ని హాచరీలో పుట్టించి పెంచే పద్ధతి మన దేశంలోనే ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు కేరళలో విళింజంలో దాని మీద చాలా పని చేశారు, కాబట్టి అలా పెంచిన జతనే అడగమనండి. సముద్రం ఎదురుగానే ఉంది కదా బిందెలతో తెచ్చుకుంటా అంటాడు, వద్దనండి, అటు పోర్టు, ఇటు ఫ్యాక్టరీలు, పైగా వానాకాలం తర్వాత నదుల నీళ్ళు కలిసి బంగాళాఖాతం ఒడ్డున ఉప్పు బాగా తగ్గిపోతుంది, ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. ఆర్వో నీళ్ళలో సాల్ట్ మిక్స్ కలుపుకోవడమే. వైజాగ్ ఎండకి నీళ్ళు 30 దాటకుండా చూసుకోవాలి, ఆ ఉక్కలో ఫ్యాన్ పెట్టినా పెద్దగా చల్లబడవు, చిల్లర్‌కి డబ్బులు ముందే పక్కన పెట్టుకోమనండి, ట్యాంక్ కొన్నాక కాదు. సూట్‌కేసులో ఏదైనా పట్టుకెళ్ళాలనే ఉంటే నీళ్ళలో ఉప్పు కొలిచే మంచి రిఫ్రాక్టోమీటర్ ఒకటి, దాంతో పాటు 35 పీపీటీ కాలిబ్రేషన్ సీసా ఒకటి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, మంచినీళ్ళతో సున్నా చూసుకుంటే చాలదు, ఆ సీసాలోదాంతోనే సరిచూసుకోవాలని వాడికి చెప్పండి.